భ్రమరాంబ గారి ఆల్బమ్‌కు నాలుగు హద్దులు

ఆ ఆల్బమ్ మీద గుండ్రటి సీలు పడటానికి సరిగ్గా మూడు రోజుల ముందు, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి, ఇందుమతి తన జిరాక్స్ షాపు షట్టరు ఎత్తింది. గడప మీద ఒక ఖాకీ కవరు పడి ఉంది.

పంపినది వారసత్వ చరాస్తుల విలువ నిర్ధారణ కార్యాలయం. జగ్గంపాడులో ఆ కార్యాలయం ఎక్కడుందో ఆమె ఎవరినీ అడగనక్కర్లేదు. షాపులో కూర్చుని తల ఎత్తితే కనిపిస్తుంది. మధ్యలో ఒక రోడ్డు, ఒక కొబ్బరి బోండాల బండి. ఆ ముప్ఫై అడుగులు దాటడానికి కవరుకి పదకొండు రోజులు పట్టినట్టు దాని మీది తేదీ చెబుతోంది.

లోపల ఉన్నది ఒకే ఒక్క వాక్యం. పొడవు పేజీన్నర.

కీర్తిశేషులు తురగా భ్రమరాంబ గారి వలన తమకు సంక్రమించినట్లుగా తమరే స్వయముగా ఫారము ఆరు, పదిహేడవ గడిలో పేర్కొనియున్న తపాలా బిళ్ళల సంపుటము ఒకటి ఇంతవరకు విలువ నిర్ధారణ కాక యథేచ్ఛగా తమ గృహమునందు ఉన్నందున, సదరు సంపుటమును ఈ నోటీసు తేదీ నుండి పన్నెండు దినములలోగా దాఖలు చేయవలెననియు, చేయనిచో అది ప్రభుత్వపరము కాగలదనియు ఆ వాక్యం సారాంశం.

పన్నెండు రోజుల్లో పదకొండు అయిపోయాయి. ఇందుమతి వేళ్ళు లెక్కపెట్టుకుంది. రేపే ఆఖరు.

కొత్త ఉత్తర్వు వచ్చి ఏడాది కాలేదు. రాష్ట్రంలో ఏ ఇంట్లోనూ విలువ తెలియని వస్తువు ఉండరాదన్నది దాని ఆశయం. ఎవరైనా పోతే, వాళ్ళు వదిలి వెళ్ళిన ప్రతి వస్తువుకీ వారసులు విలువ కట్టించుకోవాలి. జనం కట్టించుకుంటున్నారు. ఒకాయన తండ్రి చేతికర్ర తెచ్చాడు. ఒకావిడ మామగారి కట్టుడు పళ్ళు డబ్బాలో పెట్టి తెచ్చింది. పళ్ళు ఇరవై ఎనిమిది, వాడకం వల్ల తరుగుదల నలభై శాతం, నమిలే వైపు అదనం అని రాసి పంపించారు. ఆవిడ సర్టిఫికెట్‌ని పళ్ళతో పాటు డబ్బాలో దాచుకుంది.

‘ఇతర సేకరణలు’ అన్న పదిహేడో గడిలో అందరూ ‘లేవు’ అని రాస్తారు. ఇందుమతి ‘స్టాంపుల ఆల్బమ్ ఒకటి’ అని రాసింది. నేరం అదే.

భ్రమరాంబ ఆమె మేనత్త. కొత్తలంక బ్రాంచి పోస్టాఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పోస్టుమాస్టరు. లంకలోంచి మగాళ్ళు కలకత్తా వెళ్ళేవాళ్ళు, బొంబాయి వెళ్ళేవాళ్ళు, తర్వాత కువైట్, మస్కట్ వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ఉత్తరాలు చదవడం ఇళ్ళల్లో ఆడవాళ్ళకి వచ్చేది కాదు. భ్రమరాంబ చదివిపెట్టేది. చదివినందుకు ఆవిడ తీసుకునే ఫీజు కవరు మీది స్టాంపు. దాన్ని నీళ్ళలో నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి, ఆల్బమ్‌లో అంటించి, కింద చీమల్లాంటి అక్షరాలతో రెండు ముక్కలు రాసుకునేది. ఎవరు ఇచ్చారు, ఏమిటి వార్త.

‘పాలేటి నూకాలు ఇచ్చింది. కొడుకు, కువైట్ నుంచి. వార్త: చేరాడు. ఎండ ఎక్కువ. అన్నం దొరుకుతోంది.’

అలాంటివి ఆరువందల పద్నాలుగు. యాభై రెండు ఆకులు. ఇందుమతి అక్షరాలు నేర్చుకున్నది ఆ ఆల్బమ్‌లోనే. ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి మాట ‘చేరాడు’.

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకి ఆమె ఆల్బమ్‌ని పాత చీర ముక్కలో చుట్టుకుని రోడ్డు దాటింది.

*

సీనియర్ అసిస్టెంటు బోణం సత్తిరాజు ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఈ ఆఫీసుకి పాత పేరున్న రోజుల నుంచీ, తొమ్మిదేళ్ళుగా ఆమె షాపులోనే కాగితాలన్నీ తీయిస్తున్నాడు. ఆఫీసు చిత్తు కాగితాలు నెల నెలా తూకానికి ఆమెకే అమ్ముతున్నాడు. ఆమె వాటి వెనక పేజీలు కుట్టి రఫ్ పుస్తకాలు చేస్తుంది.

“ఎందుకు రాశారండీ పదిహేడో గడిలో?” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ గడి ‘లేవు’ అని రాయడానికే ఉందండీ.”

“ఆల్బమ్ ఉంది కదండీ మరి.”

“ఉంటే మాత్రం రాసేస్తారా? ఆయ్, ఇంత చదువుకుని!”

లోపల్నుంచి బెల్లు మోగింది. అదనపు విలువ నిర్ధారణాధికారి అవసరాల చిదంబరం గారి గది. ఆయన ఆల్బమ్‌ని తెరవలేదు. ఒకసారి చేత్తో ఎత్తి బరువు చూసి, సంతృప్తిగా బల్ల మీద పెట్టారు.

“చూడమ్మా. విలువ పది లక్షల లోపు తేలితే నీ వస్తువు నీకే. పది లక్షలు దాటితే అది రక్షిత చరాస్తి. స్ట్రాంగ్ రూమ్‌లో శాశ్వతంగా భద్రపరచబడుతుంది.”

“నా దగ్గర ఉండదాండీ?”

“నీదే! యాజమాన్యం పూర్తిగా నీదే. ప్రతి నెలా మొదటి మంగళవారం దరఖాస్తు పెట్టుకుని, ఆరడుగుల దూరం నుంచి నిరభ్యంతరంగా చూసుకోవచ్చు.”

“ఆరడుగుల నుంచి అక్షరాలు కనపడవండీ.”

“అక్షరాలా?” చిదంబరం గారు మొదటిసారి ఆల్బమ్ తెరిచారు. కళ్ళజోడు సర్దుకున్నారు. “ఈ రాతలు ఎవరివి? అనుమతి లేకుండా తపాలా బిళ్ళల పక్కన రిమార్కులు రాసిందెవరు?”

“మా అత్తయ్య గారండీ.”

“ఏ హోదాలో?”

ఆయన సమాధానం కోసం ఆగలేదు. ఆయన చూపు కిటికీలోంచి వరండా చివరికి వెళ్ళింది. అక్కడ ఇనుప తలుపు, తలుపు ముందు తుపాకీతో ఒక సెంట్రీ. స్ట్రాంగ్ రూమ్ కట్టి ఏడు నెలలైంది. లోపల ఏమీ లేదు. జిల్లాలో ఇంతవరకు దొరికిన అత్యంత విలువైన వస్తువు ఒక హార్మోనియం, అదీ పద్దెనిమిది వేలు. సెంట్రీ మాత్రం ప్రతి ఉదయం రిజిస్టరులో ‘అంతా సవ్యం, లోపలివి ఏవీ పోలేదు’ అని రాసి సంతకం పెడుతున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకి రాజధాని నుంచి డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు.

చిదంబరం గారు ఆల్బమ్ మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఇక తియ్యలేదు.

*

బుధవారం నిపుణుడు వచ్చాడు.

స్టాంపుల విలువ తెలిసినవాడు జిల్లా మొత్తంలో లేడని తేలింది. నిబంధన ప్రకారం నిపుణుడు దొరకనప్పుడు సమీప శాఖ నుంచి ఒకరిని పిలవాలి. సమీపంలో, అంటే పక్క గదిలో, ఉన్నది సర్వే శాఖ. సర్వేయరు ముమ్మిడి నాగబాబు చంకలో టేపు, చేతిలో ప్లాను కాగితంతో దిగాడు. ఇరవై రెండేళ్ళుగా పొలాలు కొలిచినవాడు. ఆల్బమ్‌ని కూడా అదే గౌరవంతో చూశాడు.

“ముందు హద్దులు తేలాలండి,” అన్నాడు.

మధ్యాహ్నానికి హద్దులు తేలాయి. పాలేటి నూకాలు స్టాంపుకి ఉత్తరం: ఖాళీ. దక్షిణం: భ్రమరాంబ గారి చేతిరాత. తూర్పు: వాసంశెట్టి సూరమ్మ తాలూకు మస్కట్ స్టాంపు. పడమర: పేజీ అంచు, దాని పక్కన గాలి. స్టాంపు నాలుగు వైపులా ఉన్న పళ్ళని నాగబాబు భూతద్దంతో లెక్కపెట్టి, ‘సరిహద్దు గట్టు తెగి ఉన్నది, పొరుగువారి అభ్యంతరం తెలియవలెను’ అని రాశాడు.

“పొరుగువారంటే ఎవరండీ?” అంది ఇందుమతి. ఆమె తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. ఆల్బమ్‌ని వదిలి వెళ్ళబుద్ధి కాలేదు.

“పక్క స్టాంపు తాలూకు వాళ్ళమ్మా.”

“వాళ్ళు పోయి ఇరవై ఏళ్ళయిందండీ.”

“అయితే అభ్యంతరం లేనట్టే,” అని నాగబాబు టిక్కు పెట్టాడు.

విలువ కట్టడం ఇంకా తేలికైంది. వస్తువు ఎవరి అధీనంలో ఉందో ఆ చిరునామా రేటే దానికి వర్తిస్తుంది. ఇందుమతి చిరునామా జిరాక్స్ షాపు. ఆఫీసుల వీధి, వాణిజ్య స్థలం, గజం లక్ష. ఆల్బమ్‌లో ఒక పుట గజంలో పదో వంతు. నాగబాబు గుణించి, పదివేలు అన్నాడు.

చిదంబరం గారి ముఖం వాడిపోయింది. “పదివేలేనా?”

“అది గ్రౌండ్ ఫ్లోరు రేటండి సార్. దీనికి పైన అంతస్తులున్నాయి కదా.”

చిదంబరం గారు కుర్చీలో ముందుకి జరిగారు.

“ఎన్ని?”

“యాభై రెండు ఆకులండి. ముందూ వెనకా రెండూ లెక్కలోకి వస్తాయి కాబట్టి నూట నాలుగు.”

పది లక్షల నలభై వేలు. చిదంబరం గారు లేచి నాగబాబుతో చేతులు కలిపారు. నూట నాలుగు అంతస్తుల కట్టడానికి అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం ఉందా అని ఆడిట్ వాళ్ళు అడగొచ్చని సత్తిరాజు నసిగాడు. దాన్ని తర్వాత చూద్దామన్నారు.

“ఇది అన్యాయమండీ,” అంది ఇందుమతి. “పుస్తకాన్ని మేడలా ఎలా కొలుస్తారు?”

“పుస్తకంలా కొలవడానికి నిబంధన లేదమ్మా,” అన్నారు చిదంబరం గారు, ఆమె మీద నిజమైన జాలితో.

*

గురువారం సాయంత్రం నాలుగు గంటల ఐదు నిమిషాలు.

రక్షిత చరాస్తిని స్ట్రాంగ్ రూమ్‌లోకి పంపేముందు అందులోని ప్రతి అంశాన్నీ గెజిటెడ్ అధికారి విడివిడిగా ధ్రువీకరించాలి. అంటే ప్రతి స్టాంపు మీదా గుండ్రటి సీలు, ఆకుపచ్చ సిరాతో సంతకం. ఆరువందల పద్నాలుగు సీళ్ళు, ఆరువందల పద్నాలుగు సంతకాలు. ఆ తర్వాత ప్రతి ఆకుకీ రెండు రంధ్రాలు కొట్టి తాడు కట్టాలి. శుక్రవారం పొద్దున్నే మొదలుపెడితే మూడు గంటలకల్లా అయిపోతుందా అని చూడటానికి, ముందు పాలేటి నూకాలు స్టాంపు ఒక్కదాని మీద ప్రయోగం చేద్దామనుకున్నారు.

చిదంబరం గారు సీలుని ఇంకుప్యాడ్ మీద అద్దారు. గాల్లోకి ఎత్తారు.

“అయ్యా, ఆగండి!” ఇందుమతి బల్ల దగ్గరికి వచ్చేసింది. “దాని మీద సీలు వేస్తే పాడైపోతుంది కదండీ!”

“పాడవదమ్మా. ధ్రువీకృతమవుతుంది.”

సీలు పడింది.

స్టాంపు కంటే సీలు రెండింతలు పెద్దది. మస్కట్ స్టాంపు సగం కూడా నీలం అయింది. చిదంబరం గారు పెన్ను విదిలించి ఆకుపచ్చగా సంతకం పెట్టారు. ఆయన సంతకం పొడవైనది. స్టాంపు దాటి, కింద రాసిన అక్షరాల మీదుగా పోయి, ఎండ ఎక్కువ అన్న చోట ఒక సున్నా చుట్టి, అన్నం దొరుకుతోంది అన్న చోట ఆగింది. కింద తేదీ వేశారు.

“రెండు నిమిషాలు,” అన్నారు గడియారం చూసి. “ఆరువందల పద్నాలుగు ఇంటూ రెండు... సాధ్యపడదు. మిగతా వాటికి పొట్టి సంతకం పెడదాం.”

ఇందుమతి ఏడవలేదు. ఆ పేజీని చూస్తూ నిలబడింది. నూకాలు కొడుకు చేరాడో లేదో ఇప్పుడు ఎవరికీ తెలియదు.

“సత్తిరాజూ,” అన్నారు చిదంబరం గారు. “రేపు ఫైల్లో పెట్టడానికి ఆఫీసు కాపీ కావాలి. ఆల్బమ్ మొత్తం కలర్ జిరాక్స్ తీయించు. నువ్వు పక్కనే ఉండు. కన్ను తిప్పకు.”

*

నాలుగున్నరకి సత్తిరాజు ఆల్బమ్‌ని తీసుకుని రోడ్డు దాటాడు. ఇందుమతి కలర్ మిషను వేడెక్కేదాకా ఆగి, మొదటి పేజీ అద్దం మీద పెట్టింది. కాపీ వెలిసిపోయి వచ్చింది. అత్తయ్య అక్షరాలు సరిగ్గా పడలేదు. రంగు నాలుగు మెట్లు పెంచింది. ఈసారి స్టాంపుల మీది నెమళ్ళ ఈకలు మెరిశాయి. చీమల్లాంటి అక్షరాలు నిగనిగలాడాయి.

“ఖాళీ పేజీలు కూడా తియ్యండి,” అన్నాడు సత్తిరాజు స్టూలు మీద కూర్చుంటూ. “లేకపోతే పేజీ మాయమైందంటారు.”

అతను కన్ను తిప్పలేదు. బయటికొచ్చిన కాపీలు తిప్పుతూ, పెదాలు కదుపుతూ చదవసాగాడు. పావుగంట గడిచింది.

“ఈ వాసంశెట్టి సూరమ్మ కొడుకులిద్దరూ మాట్లాడుకోరాండీ?”

“ఉహూఁ. పెద్దాయన కువైట్. చిన్నాయన మస్కట్. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు.”

“పెద్దోడు కొబ్బరితోట అమ్మొద్దని రాశాడు. వెనకాలే చిన్నోడు అమ్మేయమని రాశాడు. మళ్ళీ పెద్దోడు, అమ్మితే నా ముఖం చూడొద్దన్నాడు.” సత్తిరాజు పేజీ తిప్పాడు. “వీడి ముఖం చూడ్డానికి ఇక్కడెవడున్నాడండీ, కువైట్‌లో కూర్చుని! ఇంతకీ తోట అమ్మారా?”

“చదవండి. తెలుస్తుంది.”

ఇంతలో ఒక ముసలాయన షాపు మెట్టెక్కాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో సర్టిఫికెట్. “బాబూ సత్తిరాజూ, ఒరిజినల్ తెచ్చానయ్యా. ఇదిగో, అసలు కాగితం. మా నాన్నది.”

“ఒరిజినల్ ఎవడిక్కావాలి తాతా?” సత్తిరాజు తల ఎత్తకుండానే అన్నాడు. “ఒరిజినల్ మీద మా సారు సంతకం ఉందా? లేదు కదా. దాన్నెవడు నమ్ముతాడు? జిరాక్స్ తీయించి, అటెస్టేషన్ చేయించి తే. అదీ కాగితమంటే.”

ఇందుమతి చేతిలో ఇరవై ఆరో ఆకు ఆగిపోయింది.

తొమ్మిదేళ్ళుగా, రోజుకి నలభైసార్లు, ఆ మాట ఆమె వింటూనే ఉంది. ఆ మాట మీదే ఆమె షాపు నడుస్తోంది. కాని ఇవాళ్టి దాకా దాన్ని ఎప్పుడూ వినలేదు.

“సత్తిరాజు గారూ,” అంది నెమ్మదిగా. “మీ నిబంధనల పుస్తకంలో, దాఖలు చెయ్యాల్సింది ఏమిటని ఉందండీ?”

“పద్నాలుగో నిబంధన. ధ్రువీకరించిన ప్రతి.”

“ఒరిజినల్ అని ఎక్కడైనా ఉందా?”

సత్తిరాజు ఆలోచించాడు. ఆ పుస్తకం అతనికి కంఠతా వచ్చు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఆల్బమ్ వంక చూశాడు, మిషనులోంచి వెచ్చగా బయటికొస్తున్న కాపీల వంక చూశాడు.

“ఎక్కడా లేదండీ,” అన్నాడు.

ఆఫీసు మూసే వేళకి చివరి కాపీ వచ్చింది. సత్తిరాజు ముప్ఫై ఏడో ఆకు దగ్గర ఉన్నాడు. అయిష్టంగా కాపీలు పక్కన పెట్టి ఆల్బమ్ మూశాడు. తోట సంగతి తేలలేదు.

*

శుక్రవారం పదిన్నరకి చిదంబరం గారు సీలు, పెన్ను, హోల్ పంచ్ వరసగా పెట్టుకుని కూర్చున్నారు. సత్తిరాజు ఆయన ముందు నూట నాలుగు కాపీల కట్ట పెట్టాడు.

“ఇదేంటి?”

“పద్నాలుగో నిబంధన సార్. మనం ధ్రువీకరించాల్సింది ప్రతినండి. ఒరిజినల్‌ని ధ్రువీకరించిన దాఖలా ఈ ఆఫీసు చరిత్రలో లేదండి. నిన్న ఒకటి పొరపాటున చేసేశాం.”

చిదంబరం గారు పైకాపీ ఎత్తి చూశారు. పెద్ద కాగితం. అంచుల్లో ఎంత కావాలంటే అంత జాగా. నిన్న ఇరుకులో సంతకం పెట్టిన ఆయన వేళ్ళకి ఆ తెల్లటి అంచు చూడగానే ప్రాణం లేచివచ్చినట్టనిపించింది.

“ఆరువందల పద్నాలుగు కాదు, నూట నాలుగు సంతకాలే,” అన్నారు.

“పొడుగు సంతకమే పెట్టొచ్చండి సార్.”

ఒంటిగంటకల్లా నూట నాలుగూ అయిపోయాయి. ప్రతి కాపీ కిందా ‘అసలుతో సరిచూడడమైనది’ అని ముద్ర పడింది. అసలుని ఎవరూ తెరవలేదు. ఖాళీ పేజీల మీద ‘ఖాళీగానే ఉన్నట్లు ధ్రువీకరించడమైనది’ అని రాశారు. రంధ్రాలు కొట్టి, తాడు కట్టి, ఎర్ర వెల్వెట్ గుడ్డలో చుట్టారు. స్ట్రాంగ్ రూమ్ తలుపు ఏడు నెలల తర్వాత మొదటిసారి ఒక వస్తువు కోసం తెరుచుకుంది.

ఇందుమతి వరండాలో నిలబడింది. ఆల్బమ్ సత్తిరాజు బల్ల మీద ఉంది. డైరెక్టరు గారు వచ్చి వెళ్ళగానే తీసుకెళ్ళొచ్చని అతను చెప్పాడు. ఇంకో రెండు గంటలు.

మూడూ పదికి కారు ఆగింది.

డైరెక్టరు గారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. స్ట్రాంగ్ రూమ్‌లోకి వెళ్ళి, వెల్వెట్ విప్పించి, కాపీలు ఒక్కొక్కటే చూశారు. “అద్భుతం. ఏం రంగులు! ఏం స్పష్టత! ప్రతి పుటా ధ్రువీకృతం. చిదంబరం గారూ, ఇది ఈ శాఖకే గర్వకారణం.”

తిరిగి వస్తూ సత్తిరాజు బల్ల దగ్గర ఆగారు. ఆల్బమ్ తెరిచారు. వెలిసిపోయిన నెమళ్ళు, గోధుమరంగుకి తిరిగిన అక్షరాలు.

ఆయన ముఖం మారిపోయింది.

“ఇదేమిటి? అవే బిళ్ళలు, అవే రాతలు. రక్షిత చరాస్తికి నకలు తీసిందెవరు?”

ఆయన పేజీలు గబగబా తిప్పారు.

“అందులోనూ ఇంత నాసిరకం నకలు! రంగు లేదు, మెరుపు లేదు. ఒక్క పుట మీద తప్ప ఎక్కడా ధ్రువీకరణ లేదు. ఆ ఒక్క సంతకం కూడా అడ్డదిడ్డంగా ఉంది. ఎవడో ఫోర్జరీ చేశాడు!”

చిదంబరం గారు తన సంతకం వంక చూసుకున్నారు. ఆకుపచ్చ సిరా పెన్నుని జేబులో ఇంకా లోపలికి తోసుకున్నారు.

“సార్, అది ఒరిజినలండీ,” అంది ఇందుమతి. తనని తాను ఆపుకోలేకపోయింది.

డైరెక్టరు గారు ఆమె వైపు దయగా చూశారు. “అమ్మా, ఒరిజినల్ స్ట్రాంగ్ రూమ్‌లో ఉంది. తుపాకీతో సెంట్రీ కాపలా కాస్తున్నాడు. మీ ఎదురుగానే కదా చూసి వచ్చాను? చిదంబరం గారూ, రక్షిత చరాస్తికి నకలు బయట తిరగకూడదు. ఈ క్షణమే ముక్కలు చేయించండి.”

గది మూలలో ముక్కలు చేసే కొత్త మిషను ఉంది. ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. చిదంబరం గారు ఆల్బమ్ ఎత్తి అటు నడిచారు. ఒక అడుగు. రెండు. ఇందుమతికి తన తెలివి తనకే ఎదురొచ్చింది. కాపీకి రంగు పెంచింది తనే.

“సార్!” సత్తిరాజు కుర్చీ వెనక్కి తోసి లేచాడు. “చింపడానికి వీల్లేదండి!”

“ఏం?”

“ఏ కాగితాన్నయినా ముక్కలు చెయ్యాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కావాలండి. కమిటీ వెయ్యాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలండి. ఈలోగా దీన్ని ఎక్కడ పెట్టాలి? నకలు కాబట్టి స్ట్రాంగ్ రూమ్‌లో పెట్టకూడదు. బయట పెడితే బయట తిరిగినట్టే. అప్పుడు మీ తనిఖీ నివేదికలోనే ఆక్షేపణ రాయాల్సి వస్తుందండి.”

డైరెక్టరు గారు గడ్డం నిమురుకున్నారు. ఆయన రైలు ఐదున్నరకి. “మార్గం?”

“చిత్తు కాగితం కింద తూకానికి అమ్మెయ్యడమేనండి. దానికి కమిటీ అక్కర్లేదు. నేనొక్కణ్ణి చాలు. ఈ నెల చిత్తు కాగితం కొనుక్కునే వాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారండి.”

“ఎవరు?”

సత్తిరాజు ఇందుమతి వైపు చెయ్యి చూపించాడు.

తక్కెడ తెచ్చారు. కిలో రెండు వందల గ్రాములు. కిలో పదిహేను రూపాయల చొప్పున పద్దెనిమిది రూపాయలు. రశీదు రాశాడు. ‘పనికిరాని పాత కాగితములు.’ చిదంబరం గారు పొడవైన సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేశారు. ఈసారి సీలు పడాల్సిన చోటే పడింది.

“ఈ రశీదు లేకుండా దాన్ని బయటికి తీసుకెళ్ళకమ్మా,” అన్నారు డైరెక్టరు గారు. “ఎవరైనా చూస్తే విలువైన వస్తువనుకుంటారు.”

*

నెల రోజుల తర్వాత, వాన ముసురు పట్టిన ఒక ఉదయం, సత్తిరాజు షాపు మెట్టెక్కాడు. వెనక తుపాకీతో సెంట్రీ. సత్తిరాజు చేతుల్లో ఎర్ర వెల్వెట్ మూట, దానిమీద గొడుగు. తను మాత్రం నిలువునా తడిశాడు.

“స్ట్రాంగ్ రూమ్ కప్పు కారిందండీ,” అన్నాడు. “ఐదు పేజీలు తడిశాయి. రంగు కారిపోతోంది. వీటికి జిరాక్స్ తీసిస్తే, సారు మళ్ళీ అటెస్ట్ చేస్తారట. జాగ్రత్తండీ ఇందుమతి గారూ. ఒరిజినల్.”

“అలాగేనండీ,” అంది ఇందుమతి, తడి కాపీని గుడ్డతో అద్దుతూ.

మిషను వేడెక్కేలోగా సత్తిరాజు చేతులు తుడుచుకుని, కౌంటరు మీద ఉన్న ఆల్బమ్ తన వైపు లాక్కున్నాడు. సరాసరి ముప్ఫై ఏడో ఆకు తీశాడు. తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. నలభై తొమ్మిదో ఆకు దగ్గర ఆగి పైకే చదివాడు.

“‘వాసంశెట్టి సూరమ్మ ఇచ్చింది. ఇద్దరు కొడుకులూ కలిసి రాసిన ఉత్తరం, బొంబాయి నుంచి. వార్త: ఒకే రైల్లో వస్తున్నారు. తోట సంగతి ఇద్దరూ ఎత్తలేదు.’” అతను ఆల్బమ్ మూసి కాసేపు రోడ్డు వైపు చూశాడు. “దొంగ సచ్చినోళ్ళు,” అన్నాడు తృప్తిగా.

సెంట్రీ కౌంటరు మీదికి వంగాడు. “ఇదేంటండి, అచ్చం మా లోపలున్న దాన్లాగే ఉంది?”

“చిత్తు కాగితాలు బాబూ.”

“రశీదుందా?”

ఇందుమతి ఆల్బమ్ చివరి పేజీ తెరిచి అతని వైపు తిప్పింది. నెల క్రితం దాకా ఖాళీగా ఉన్న పేజీ అది, ఖాళీయేనని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించింది. ఇప్పుడు దాని మధ్యలో పద్దెనిమిది రూపాయల రశీదు అంటించి ఉంది. కింద చీమల్లాంటి అక్షరాలు, అత్తయ్య రాతకి దగ్గరగా.

‘బోణం సత్తిరాజు గారు ఇప్పించారు. ఎదురు ఆఫీసు నుంచి. వార్త: చేరింది.’